మనుమలతో సభకు

ఈ రోజులలో సభలకు కొదవ లేదు. కాని సభలన్నీ ఒక జాతివి కావు. ఎత్తుగా వేదిక కట్టి, మేజా, కుర్చీలు, మైకు అమర్చి, మాట్లాడేవారిని పైన, వినేవారిని క్రింద కూర్చుండబెట్టే సభలు ఒక జాతి. అధ్యక్షుని పేరు, వక్తల పేర్లు, ఎవరికి ఎన్ని నిమిషాలన్నదీ ముందుగానే అచ్చువేసి పంచుతారు. వినేవాని పని వినడం, చప్పట్లు చరచడం, చివరకు వందన సమర్పణ కాగానే చెప్పులు వెదుకుకొనడం. రెండవ జాతి సభలో వేదిక ఉండదు. ఒకే వృత్తి చేసికొనేవారు వచ్చి వలయంగా కూర్చుంటారు. ఏ విషయాలు మాట్లాడుకొనవలెనో ఆ ఉదయమే, అక్కడికక్కడే, వచ్చినవారే తేల్చుకొంటారు. చెప్పేవారూ వారే, వినేవారూ వారే. ఇటువంటి సభకు ఒక అమ్మమ్మో ఒక తాతో చిన్న మనుమనిని వెంటబెట్టుకొని వచ్చినప్పుడు ఆ సభ ఏమి చేయవలెనన్నది ఈనాటి నా ప్రసంగ విషయం. వినడానికి ఇది ఇంటి ముచ్చటవలె ఉంటుంది. కాశీబుగ్గ ప్రాంతానికి పోయి చూస్తే ఇది ఇంటి ముచ్చట కాదని తెలుస్తుంది.

కాశీబుగ్గ అనగానే శ్రోతలలో చాలమందికి జీడిపప్పు గుర్తుకు వస్తుంది. పలాస, కాశీబుగ్గ అని పేర్లు రెండైనా మునిసిపాలిటీ ఒకటే. హౌరానుండి చెన్నైకి పోయే రైలుమార్గం మీద పలాస స్టేషను. దాని చేరువనే బజారులు, జీడి కర్మాగారాలు, బస్తాలు దించుకొనే లారీలు. అక్కడనుండి సముద్రం వైపుగా పోతే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఇదే ఉద్దానం. ఉద్యానం అన్న మాటే జనం నోట ఉద్దానమైనదని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల నీడలో ఇళ్ళు కట్టుకొన్న సీమ ఇది. వరి రైతుకు పంటకాలం నాలుగైదు నెలలు. ఉద్దానపు రైతుకు పంటకాలం ఒక మనిషి ఆయుర్దాయమంత. దేశవాళీ కొబ్బరి మొక్క నాటినది మొదలు కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. కాపు పట్టిన తరువాత యాభై అరవై ఏళ్ళు కాస్తుంది. తాత నాటిన చెట్టు కాయను మనుమడు దింపుకొనవలసినదే. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఈ పలాస దగ్గరనే తీరం దాటినప్పుడు తోటలు వరుసలు వరుసలుగా నేలకూలినవి. ఆ తరువాత గోతులు త్రవ్వి మరల మొక్కలు పెట్టినవారిలో అరవై దాటినవారు ఉన్నారు. తాము పెట్టిన చెట్టు కాయ తాము ఎన్నాళ్ళు తిందుమన్న లెక్క వారు వేసికొనలేదు.

ఈ ప్రాంతానికి సభలు క్రొత్తవి కావు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగినది. ఆ తరువాత కొద్దిదినాలకే, ఏప్రిల్ 1వ తేదీన, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో సాసుమాన గున్నమ్మ పోలీసు కాల్పులలో ప్రాణాలు కోల్పోయినది. ఆ కథ ఈ పల్లెలలో పుస్తకాలకంటె మామ్మల నోట ఎక్కువగా నిలిచినది. అది వేరు కాలపు సభ, వేరు అవసరపు సభ. అటువంటి మహాసభకు వేదిక కావలసినదే. నేను చెప్పబోయే సభలు చిన్నవి. ముప్పై నలభై మందికి మించి ఉండరు. పత్రికలలో వాటి పేరు రాదు.

వీటిలో తెలుగు రైతులకు బాగా పరిచయమైనది పొలంబడి. 1989లో ఇండోనీషియాలో, వరికి సుడిదోమ పెద్ద పీడగా ఉన్న కాలంలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో ఈ పద్ధతి మొదలైనది. మందు చల్లిన కొద్దీ దోమను తినే సాలీళ్ళు మొదలైన మిత్రపురుగులు ముందుగా చచ్చి, దోమ మరింత రేగుతున్నదని అక్కడివారు గ్రహించారు. ఈ సంగతి ఉపన్యాసంలో చెబితే రైతు వింటాడు గాని నమ్మడు. తన కళ్ళతో చూస్తే నమ్ముతాడు. అందువల్ల పాతిక ముప్పై మంది రైతులు పంటకాలమంతా వారానికి ఒకసారి పొలం గట్టుమీదనే కలిసికొంటారు. చిన్న జట్లుగా విడిపోయి మళ్ళలోకి దిగుతారు. కనబడిన పురుగులను, మొక్క ఎదుగుదలను, ఎండను, నీటిని పెద్ద కాగితం మీద బొమ్మ వేస్తారు. మిత్రులు ఒక ప్రక్క, శత్రువులు ఒక ప్రక్క. మందు అవసరమా కాదా అన్నది తర్కించి వారే తేల్చుకొంటారు. శిక్షకుడు ఉంటాడు గాని ఉపన్యాసం ఇయ్యడు. రైతు ఒక పురుగును చూపి ఇది ఏమిటని అడిగితే, అది ఎక్కడ కనబడినది, ఏమి చేస్తున్నది అని అతనినే తిరిగి అడుగుతాడు.

పట్టణాలలోని వృత్తులవారు ఇదే సంగతిని మరొక దారిలో కనుగొన్నారు. అమెరికాలో హారిసన్ ఓవెన్ అనే ఆయన 1983లో ఏడాదిపాటు పాటుపడి ఒక సమావేశం జరిపించాడు. ముగిసిన తరువాత వచ్చినవారందరూ మెచ్చుకొన్నది, తానేమీ శ్రమపడని కాఫీ విరామాలనేనట! అప్పుడు ఆయనకు, యౌవనంలో తాను ఛాయాచిత్రాలు తీయడానికి పోయిన పశ్చిమాఫ్రికాలోని ఒక లైబీరియా పల్లె గుర్తుకు వచ్చినది. ఆ పల్లెలో మగపిల్లలు పెద్దవారి వరుసలోకి వచ్చే ఉత్సవం నాలుగు దినాలు జరిగినది. ఆహ్వాన సంఘం లేదు, కార్యక్రమ పత్రం లేదు. అయినా అంతా సక్రమంగా నడిచినది. ఆ జ్ఞాపకమే ఆధారంగా 1985లో కాలిఫోర్నియాలో ఆయన వలయాకారపు సభను మొదలుపెట్టాడు. ఓపెన్ స్పేస్ అని దానికి పేరు. దాని నియమాలలో రెండు మన విషయానికి కావలసినవి. వచ్చినవారు ఎవరైనా వారే తగినవారన్నది ఒకటి. ఒక గుంపులో తాను నేర్చుకొనేది గాని నేర్పేది గాని లేదని తోచినప్పుడు లేచి మరొక గుంపులోకి నడచి పోవచ్చు, అది అమర్యాద కాదన్నది రెండవది. ఈ రెండవ నియమాన్ని నాలుగేళ్ళ పిల్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. పుట్టుకతోనే తెలుసు.

ఇటువంటి సభలను పొగడేవారు కూడ మరచిపోయే సంగతి ఒకటి ఇందులో ఉన్నది. ఆ లైబీరియా ఉత్సవం పిల్లలకోసం జరిగినది. ఊరంతా కూడినది పిల్లలను చేర్చుకొనడానికే. ఆ ఉత్సవాన్ని చూచి కట్టిన సభలోకి ఈనాడు పిల్లలు రావచ్చునా అని అడగవలసి రావడం వింతయే.

మా వృత్తికి సంబంధించిన ఉదాహరణ కూడ ఒకటి ఉన్నది. 1956లో పూనాలో ఆకాశవాణి, యునెస్కో కలిసి రేడియో గ్రామీణ గోష్ఠులను నడిపినవి. నూటయాభై గ్రామాలలో రైతులు రేడియో చుట్టూ కూర్చుండి ప్రసంగం విన్నారు. ఆ తరువాత రేడియో ఆపి తమలో తాము చర్చించారు. తమ సందేహాలు వ్రాసి పంపారు. ఉపన్యాసం అరగంట, అసలు సభ ఆ తరువాతిది. నేనెరిగిన పల్లెలలో సాయంకాలం రేడియో చుట్టూ చేరిన పెద్దల ఒడిలో పిల్లలు లేని దృశ్యం నాకు గుర్తులేదు. వారు వ్యవసాయ ప్రసంగం వినడానికి వచ్చినవారు కారు, పెద్దలు అక్కడ ఉన్నారు గనుక వచ్చినవారు. పొమ్మని వారిని ఎవరూ అనలేదు.

ఇక ఉద్దానానికి వస్తాను. ఆ మధ్య ఒక గ్రామంలో కొబ్బరి, జీడి తోటల రైతుల కూటానికి పోయినాను. రికార్డింగు పరికరం భుజాన వేసికొని ఒక మూల కూర్చున్నాను. వచ్చినవారిలో సగం మంది స్త్రీలు. ఒక వృద్ధురాలు అయిదేళ్ళ మనుమరాలిని తీసికొని వచ్చినది. సభ నడిపే యువతి మర్యాదగానే అడిగినది: “అమ్మా, పాపను ఇంటి దగ్గర ఉంచి రాకపోయారా?” ఆ ముసలమ్మ నొచ్చుకొనలేదు. “ఇంటికాడ ఎవులున్నారమ్మా? దీని అమ్మా అయ్యా పట్నంలో పనికెళ్ళిపోనారు. నాను ఒస్తే ఇదీ ఒస్తాది. ఇది రాకూడదంటే నానూ రానమ్మా,” అన్నది.

బెదిరింపుగా ఆమె ఈ మాట అనలేదు. తన ఇంటి స్థితి చెప్పినది. ఉద్దానంలో వయసులో ఉన్నవారు కూలికి, ఉద్యోగాలకు హైదరాబాదు, చెన్నై మొదలైన దూరప్రదేశాలకు పోతారు. తీరంలోని మత్స్యకారులు గుజరాతులోని వేరావల్ రేవుదాకా పోతారు. ఇది గాక మూత్రపిండాల వ్యాధి ఈ ప్రాంతపు కుటుంబాలను నడుమ విరిచినది. 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభించవలసి వచ్చినదంటే ఆ వ్యాధి ఎంతటిదో ఊహించుకొనవచ్చు. నడుమ తరం దూరమైన ఇంటిలో మిగిలేది ఇద్దరు: చెట్టు సంగతి తెలిసిన తాతమ్మలు, చెట్టును అనుభవించవలసిన మనుమలు. సభకు కావలసిన అనుభవం మొదటివారిది. వారి చేయి పట్టుకొని నడిచేవారు రెండవవారు. చేయి విడిపించి ఒకరినే లోపలికి రమ్మనడం కుదరదు.

ఆనాడు ఆ యువతి ఆ మామ్మను కూర్చుండబెట్టినది. ఆ సభలో తిత్లీ తరువాత మరల పెట్టిన మొక్కల మాట వచ్చినది. ఏ గాలికి ఏ చెట్టు విరిగినదో, ఏది వ్రేళ్ళతో లేచిపోయినదో, ఇసుక నేలలో గోయి ఎంత లోతు త్రవ్వవలెనో ఆమె చెబుతున్నంతసేపూ తక్కినవారు చెవి ఒగ్గి విన్నారు. నడుమ ఆ పిల్ల లేచి, కొబ్బరిమట్ట ఒకటి దొరికితే ఈడ్చుకొంటూ వలయం చుట్టూ తిరిగినది. నా రికార్డింగులో ఆ మట్ట గరగర శబ్దం ఇప్పటికీ ఉన్నది. దానిని తీసివేద్దామని మా సాంకేతిక మిత్రుడు అన్నాడు. ఉండనిమ్మన్నాను. ఆ మాటలు ఎక్కడ చెప్పబడినవో వినేవారికి ఆ శబ్దమే చెబుతున్నది.

అయితే ఎదుటి పక్షపు వాదాన్ని త్రోసివేయడం న్యాయం కాదు. అదే సభలో ఒకామె నాతో మెల్లగా అన్నది: ఒక రోజు కూలి మానుకొని, రెండు ఆటోలు మారి వచ్చినాము, పిల్ల అల్లరిలో సగం మాటలు వినబడలేదు, మా పిల్లలను మేము ఎవరికో ఒకరికి అప్పగించి వచ్చినాము గదా అని. ఆమె మాటలో ఈర్ష్య లేదు, లెక్క ఉన్నది. పనినిబట్టి కూలి ముట్టేవారికి ఒక పగలు ఎంత విలువైనదో నెలజీతగాళ్ళకు వెంటనే తెలియదు. ఎర్రదీపం వెలిగితే దగ్గు కూడ ఆపుకొనవలసిన గదిలో ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్నవాడిని, నిశ్శబ్దం విలువ నాకు తెలియనిది కాదు. పిల్లలు దేవుళ్ళతో సమానమని ఒక మాట అని ఆమె నోరు మూయించడం సులభం. దానివల్ల ఆమె పోగొట్టుకొన్న సగం మాటలు తిరిగి రావు.

పిల్లను తీసికొని వచ్చినామెకు హక్కు ఉన్నది. పని మానుకొని వచ్చినామెకూ హక్కు ఉన్నది. వీరిద్దరిలో ఎవరు సర్దుకొనవలెనని అడిగితే తగవు తెగదు. సర్దుకొనవలసినది సభ. సభ తమదే అయినప్పుడు ఆ ఏర్పాటూ తమ పనే.

ఈ విషయంలో మన చట్టాల భాష గమనించదగినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీలు ఎక్కువగా పనిచేసే కర్మాగారంలో శిశువుల గది ఉండవలెనన్నది. మొదట యాభైమందికి మించి ఉంటేనన్నారు. 1976లో దానిని ముప్పైకి తగ్గించారు. కాని ఆ గది ఎవరికి? ఆ స్త్రీల బిడ్డలలో ఆరేళ్ళలోపువారికి. బిడ్డలకు అన్నారు, మనుమల మాట అందులో లేదు. కాశీబుగ్గ జీడి కర్మాగారంలో పిక్కలు కొట్టే అమ్మమ్మ ఇంటిలో మనుమరాలు ఉన్నట్లు ఆ చట్టం వ్రాసినవారికి తోచలేదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం అనుబంధంలో మాట మారినది. పనిచోట స్త్రీలవెంట వచ్చిన ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురో అంతకు మించో ఉంటే, ఆ స్త్రీలలో ఒకరిని వారిని చూచుకొనడానికి నియమించి, ఆమెకూ కూలి ఇయ్యవలెనని వ్రాశారు. వెంట వచ్చినవారు అన్నారు చూడండి! తల్లియా, అమ్మమ్మయా, మేనత్తయా అని అడగలేదు. ఎవరి చేయి పట్టుకొని వచ్చినా పిల్ల పిల్లయే. చట్టాలను చదివేటప్పుడు ఇటువంటి ఒక్క మాటకోసం నేను ఆగుతాను. ఆ చట్టం ఏ పనులకోసం వచ్చినదో ఆ పనులకంటె ఎక్కువ కాలం నిలువదగిన మాట అది.

లోకంలో పెద్ద సభలు కూడ ఈ ప్రశ్నను ఎదుర్కొన్నవి. 2018 సెప్టెంబరులో న్యూజీలాండు ప్రధానమంత్రి జసిండా ఆర్డర్న్ మూడు నెలల పాపతో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభకు వచ్చినది. ఆమె మాట్లాడుతున్నప్పుడు పాపను తండ్రి ఎత్తుకొన్నాడు. 2022 డిసెంబరులో మహారాష్ట్ర శాసనసభ్యురాలు సరోజ్ అహిరే రెండునెలలు దాటిన బిడ్డతో నాగపూరు సమావేశానికి వచ్చినది. పత్రికలు ఛాయాచిత్రాలు వేసినవి, లోకం ముచ్చటపడినది. వీరిద్దరూ తల్లులు, వారి ఒడిలోనివి పసికందులు. పసికందు ఆకలైతే ఏడుస్తుంది, కడుపు నిండితే నిద్రపోతుంది. అయిదేళ్ళ మనుమరాలి సంగతి వేరు. ఆమె నడుస్తుంది, అడుగుతుంది, అన్నిటికంటె ముఖ్యంగా, వింటుంది.

ఈ వినడం గూర్చి ఎవరూ తగినంత ఆలోచించరు. పిల్లను సభకు తేవడం మేలా కీడా అన్నప్పుడు మనం అల్లరిని గూర్చి మాట్లాడుతాము. అల్లరి చేసే పిల్లవల్ల సభకు కొంత నష్టం. ఊరక కూర్చుండి వినే పిల్లకు సభవల్ల ఎంతో లాభం కలుగవచ్చు, నష్టమూ కలుగవచ్చు.

లాభం మాట ముందు. పొలంబడిలో పురుగులను వెదకడంలో పిల్లల కళ్ళకు పెద్దల కళ్ళు సాటి రావు. పిల్ల కన్ను నేలకు దగ్గర. ఆకు అడుగున అంటుకొన్న గ్రుడ్ల సముదాయాన్ని తాత కళ్ళద్దాలు పెట్టుకొని వెదికేలోపల మనుమడు చూపుతాడు. దాని పేరు తాతకు తెలుసు, అది ఉన్నచోటు మనుమనికి తెలుసు. ఈ ఇద్దరూ కలిస్తేనే కాగితం మీద బొమ్మ నిండుతుంది. అంతకంటె పెద్ద లాభం మరొకటి ఉన్నది. తన మామ్మ మాట్లాడుతుండగా పదిమంది చెవి ఒగ్గి వినడం ఆ పిల్ల చూస్తుంది. ఇంటిలో మామ్మ అంటే అన్నం పెట్టే మనిషి, కసరే మనిషి. సభలో ఆమె ఒక విద్య తెలిసిన మనిషి. బడికి పోయి నాలుగు అక్షరాలు వచ్చిన తరువాత, చదువురాని మామ్మను చిన్నచూపు చూచే ప్రమాదం ప్రతి మనుమరాలికీ ఉన్నది. ఒకసారి ఆ వలయంలో కూర్చున్న పిల్లకు ఆ ప్రమాదం కొంత తగ్గుతుందని నా నమ్మకం.

మరి నష్టం? వృత్తి సభలలో మాటలు ఎప్పుడూ మొక్కల మీదనే ఉండవు. ఉద్దానంలో నలుగురు కూడి మంచినీటిని గూర్చి మాట్లాడినా, పని గంటలను గూర్చి మాట్లాడినా, మాట తిరిగి తిరిగి మూత్రపిండాల జబ్బు దగ్గరకు వస్తుంది. క్రియాటినిన్ అన్న మాట ఈ పల్లెలలో ఇంటింటి మాట. ఎవరికి ఎంత ఉన్నది, ఎవరు వారానికి ఎన్నిసార్లు డయాలిసిస్‌కు పోతున్నారు, ఎవరు ఎన్నాళ్ళు బ్రతికారు అని పేరుపేరునా చెప్పుకొంటారు. చెప్పుకొనవలసినదే, చెప్పుకొననిదే దుఃఖం బరువు దిగదు, అనుభవం ఒకరినుండి ఒకరికి చేరదు. కాని తండ్రి రోగం సంగతి అతని కూతురు మొదటిసారి వినవలసినది అపరిచితుల వలయంలో కాదు. చిన్నపిల్ల, దానికేమి తెలుస్తుంది అని పెద్దలు అంటారు. తెలుస్తుంది. ఏమి తెలిసినదో చెప్పడానికి మాటలు రావు, అంతే. ఇటువంటి మాట రాబోతున్నదని తోచినప్పుడు సభలో ఎవరైనా ఒకరు ఆ పిల్లను బయటకు, చెట్టు క్రిందికి తీసికొని పోవలెను. మామ్మ పోగూడదు, ఆమె చెప్పవలసిన మనిషి. మరి ఎవరన్నది ఆ ఉదయమే నిర్ణయం కావలెను.

ఇంకొక భేదం కూడ చెప్పవలసి ఉన్నది. సభకు పిల్లను రానిచ్చినాము గనుక పనిచోటికీ రానీయవచ్చునని ఎవరైనా అనుకొంటే అది పొరపాటు. జీడిపిక్క తొక్కలోని నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. పిక్కలు కొట్టే స్త్రీల చేతులు చూచినవారికి ఆ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పిక్కల గుట్ట ప్రక్కన పిల్ల ఉండగూడదు. జీడి పనివారి సభ జరుపుకొనేవారు ఆ సభను కర్మాగారపు ఆవరణలో గాక ఊరి బడిలోనో చావడిలోనో పెట్టుకొంటే ఈ చిక్కు సగం తీరుతుంది.

చోటు మాట వచ్చినది గనుక మరొక మాట. 2025 నవంబరు 1వ తేదీన కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో ఏకాదశి నాటి రద్దీలో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయినవి. ఆ వార్త విన్న తరువాత ఈ ప్రాంతంలో పిల్లను చంకనెత్తుకొని గుంపులోకి పోయే ప్రతి అమ్మమ్మా ఒక్క క్షణం ఆగుతుంది. ముప్పై మంది సభకు ఆ భయం వర్తించదు. అయినా ఒకటికి రెండు ద్వారాలున్న గదిని ఎంచుకొనడం, ద్వారాలకు అడ్డంగా బల్లలు పెట్టకపోవడం, ప్రక్కన నుయ్యి ఉంటే దానికి మూత ఉన్నదో లేదో చూచుకొనడం సభ నడిపేవారి మొదటి పని. వక్తల పట్టిక లేని సభలో ఈ పనులకు తీరిక కావలసినంత ఉంటుంది.

తీసికొని వచ్చేవారు చేయవలసినవీ కొన్ని ఉన్నవి. పొద్దున్న చద్దన్నం పెట్టి తీసికొని రావలెను. ఆకలిగా ఉన్న పిల్లకు ఏ సభా రుచించదు. మధ్యాహ్నం నిద్రపోయే అలవాటున్న పిల్లకు ఒక పాత చీర, మడిచి పరచడానికి. చేతిలో పని ఉండవలెను: తాటాకు, ఈత గింజలు, కాగితం, రంగుబలపాలు, ఏదో ఒకటి. చేతికి ఫోను ఇచ్చి ఊరకుండబెట్టడం ఈనాటి సులభోపాయం. వలయం మధ్య దాని పాటలు మ్రోగినప్పుడు ఎవరికీ సుఖం లేదు. మూడేళ్ళలోపు పిల్లతో పూర్తి దినం కూర్చుండడం మామ్మకూ కష్టం, పిల్లకూ కష్టం. అటువంటివారు ఉదయపు భాగానికి వచ్చి, తాము చెప్పవలసినది ముందుగా చెప్పి, భోజనానికి లేచిపోవచ్చు. లేచిపోవడం తప్పు కాదన్న నియమం ఇటువంటి సభలకు ముందునుండీ ఉన్నదే గదా. ఏడెనిమిదేళ్ళు వచ్చిన పిల్లను, అడిగి తీసికొని రావలెను. బడి మానిపించి తేవడం నాకు సమ్మతం కాదు, అది ఎంత మంచి సభ అయినా.

సభవారు మానుకొనవలసినది కూడ ఒకటి ఉన్నది. పిల్ల కనబడగానే మధ్యలో నిలబెట్టి ఒక పద్యం చెప్పమనడం, చెప్పగానే చప్పట్లు కొట్టడం, ఛాయాచిత్రం తీసి పదిమందికి పంపడం మనకు అలవాటు. ఆ పిల్ల అక్కడికి వినోదంగా రాలేదు. మామ్మను రానిచ్చిన సభ ఆ మామ్మ అనుమతి లేకుండ పిల్ల ముఖాన్ని లోకానికి చూపగూడదు.

పిల్లలను చూచుకొనే మనిషి మాట మిగిలినది. ఇటువంటి సభలలో ఎవరో ఒక అమ్మాయిని, తరచుగా అందరికంటె బీదదానిని, పిల్లల దగ్గర కూర్చుండమంటారు. ఆమె కూడ అదే వృత్తి చేసికొనే మనిషి. ఆమెకూ చెప్పవలసినది ఉన్నది. దినమంతా ఆమెనే అక్కడ ఉంచితే, మామ్మకోసం తెరిచిన తలుపు ఆమె ముఖాన మూసినట్లే. గంటకు ఒకరు చొప్పున వంతులు వేసికొనడం మేలు; వచ్చిన మగవారినీ ఆ వంతులలో చేర్చవలెను. తాతలు ఈ పనిలో స్త్రీలకంటె తక్కువవారు కారని నేను స్వయంగా చూచినాను. ఆ వంతులవారి పేర్లు గోడమీద కాగితంలో చర్చావిషయాల ప్రక్కనే వ్రాయవలెను. వచ్చినవారికి దారిఖర్చు ఇచ్చే సభ అయితే పిల్ల బస్సు ఖర్చునూ అందులో కలపవలెను. హాజరు పుస్తకంలో మామ్మ వ్రేలిముద్ర ప్రక్కన మనుమరాలి పేరు కూడ వ్రాస్తే, మధ్యాహ్నం ఎన్ని విస్తళ్ళు వేయవలెనో వంటవారికి ముందే తెలుస్తుంది.